సీసాలో భూతం, చేతిలో పుస్తకం



భోజనాలయి, గిన్నెలు సర్ది, ఇప్పుడే కాస్త నడుం వాల్చి ఉంటారు. ఈ వేళప్పుడు దెయ్యాల మాటేమిటి అనుకోకండి. ఇవాళ నేను మీతో ముచ్చటించదలచుకున్నది చింతచెట్టు మీది దెయ్యాల గురించి కాదు. మన పిల్లల పుస్తకాల్లో కాపరం పెట్టిన భూతాలు, జీనీలు, మాంత్రికులు, పిశాచాల గురించి. వీళ్లని ఇంట్లోకి రానివ్వాలా, గుమ్మంలోనే ఆపెయ్యాలా అన్నది మన ప్రశ్న.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లల్లో ఈ తగువు మామూలే. ఆ వయసు పిల్లలు ఇటు పాలబుగ్గల పసివాళ్లూ కారు, అటు పెద్దవాళ్లూ కారు. గొంతు మారుతుంది, మొటిమలొస్తాయి, పిలిస్తే పలకరు, పలికితే విసుక్కుంటారు. వీళ్ల కోసమని ఇంగ్లీషులో ప్రత్యేకంగా నవలలు రాస్తున్నారు. అట్ట మీద పొగ, పొగలో రెండు కళ్లు, కింద మిరుమిట్లు గొలిపే అక్షరాలు. ఒకటి చదివితే రెండోది కావాలంటారు, రెండోది చదివితే ఏడో భాగం దాకా ఆగరు.

మా పక్కింటి వదినగారు మొన్న అలాంటి పుస్తకమొకటి పట్టుకొచ్చారు. "చూశారా వదినగారూ, పదో తరగతి పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని మావాడు చదివేది ఇదీ. దీపంలోంచి భూతం వస్తుందిట, అడిగినవన్నీ ఇస్తుందిట. ఈ పిచ్చి ముదిరితే ఏం గతి? అటక మీదకి విసిరేద్దామనుకుంటున్నాను" అన్నారు.

"విసిరెయ్యకండి. ముందు అందులో ఏముందో మీరు చూడండి" అన్నాను.

"నేనా? ఈ ఇంగ్లీషు నాకెక్కడ మింగుడు పడుతుందండీ!"

"పోనీ, వాణ్నే కూర్చోబెట్టి కథ చెప్పమనండి. చెప్పడం వాళ్లకిష్టం. వినడమే మనకి తీరదు."

ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆవిడకి ఆ పూట చెప్పలేకపోయినవి ఇవాళ మీతో చెబుతున్నాను.

దీపంలో భూతం కథ అనగానే అల్లావుద్దీన్ కదూ గుర్తొచ్చేది? ఆ కథలో మనలాంటి ఇల్లాలు ఒకావిడ ఉంది. అల్లావుద్దీన్ తల్లి. సినిమాలు తీసేవాళ్లు ఆవిణ్ణి తరచు వదిలేస్తారు గాని, కథలో ఆవిడదే పెద్ద పాత్ర. భర్త దర్జీ. కొడుకు పనీపాటా లేక వీధుల వెంట తిరుగుతున్నాడనే దిగులుతోనే పోయాడు. ఆవిడ పత్తి వడికి ఇల్లు నడుపుతోంది. కొడుకుకి పదిహేనేళ్లు. అంటే సరిగ్గా మనం చెప్పుకుంటున్న వయసే.

కొడుకు తెచ్చిన పాత దీపాన్ని, అమ్మితే నాలుగు మెతుకులొస్తాయని, ఆ తల్లే తోమడానికి కూర్చుంది. తోమగానే భూతం లేచింది. ఆవిడ స్పృహ తప్పి పడిపోయింది. కొడుకు దీపం అందుకుని అన్నం అడిగాడు. భూతం వెండి పళ్లాల్లో భోజనం తెచ్చిపెట్టింది. తెలివొచ్చాక ఆ తల్లి మొదట అన్న మాట ఏమిటనుకున్నారు? ఆ దీపాన్ని, ఆ ఉంగరాన్ని తీసుకెళ్లి అవతల పారెయ్యమని. మనం పుస్తకం అటక మీద పారేద్దామనుకోవడానికీ, దానికీ ఏమిటి తేడా?

అయితే ఆవిడ అక్కడితో ఆగిపోలేదు. కొడుకు వినడని తెలిశాక, వాడి వెంటే నిలబడింది. వాడు రాజకుమార్తెని పెళ్లాడతానంటే మొదట నవ్వింది, తరవాత రత్నాలు మూటగట్టుకుని తనే రోజూ దర్బారుకి వెళ్లి, పిలుపు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడింది. భూతం మేడలు కట్టగలిగింది గాని, కొడుకు తరఫున పెద్దరికంగా మాట్లాడ్డానికి తల్లే కావలసివచ్చింది.

ఈ కథ చరిత్ర కూడా చిత్రమైనదే. 'అరేబియన్ నైట్స్' అని మనం పిలుచుకునే కథల్ని ఆంత్వాన్ గాలాఁ అనే ఫ్రెంచి పండితుడు 1704 నుంచి 1717 దాకా సంపుటాలుగా ఫ్రెంచిలోకి తెచ్చాడు. అల్లావుద్దీన్ కథ ఆయన దగ్గరున్న అరబ్బీ రాతప్రతిలో లేదు. పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు, సిరియాలోని అలెప్పో ఊరివాడు, 1709లో ఆయనకి నోటితో చెప్పాడు. కథ జరిగేదేమో చైనాలో! అంటే సిరియావాడు చెప్పగా ఫ్రాన్సువాడు రాసిన చైనా కుర్రాడి కథని మన తెలుగు పిల్లలు తమదే అన్నట్టు చదువుకుంటున్నారు.

ఇంకో సంగతి. ఆ కథలో దీపం భూతానికి లెక్క లేదు, ఎన్నడిగితే అన్నీ ఇస్తుంది. 1992లో అమెరికాలో డిస్నీవాళ్లు తీసిన బొమ్మల సినిమాలో మాత్రం మూడే కోరికలు. మీ పిల్లల్ని అడిగి చూడండి, "లెక్క ఉండాలా, ఉండకూడదా? మూడే అయితే నువ్వేం అడుగుతావు?" అని. ఆ జవాబులో మీకు తెలియని మీ పిల్లలు కనిపిస్తారు. నేను మా అమ్మాయిని అడిగితే, బట్టలో ఫోనో అంటుందనుకున్నాను. "నాన్నకి ఊళ్లోనే ఉద్యోగం" అంది. ఏడాదిగా దాని మనసులో ఉన్న ఆ మాట బయటికి రావడానికి ఒక భూతం కావలసివచ్చింది!

ఈ 'జిన్' అనే మాట అరబ్బీది. ముస్లిం సోదరీమణులకిది మత విషయం. ఖురానులో 72వ అధ్యాయం పేరే 'అల్ జిన్'. మనుషుల్లాగే వాళ్లలోనూ మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఉంటారని వారి విశ్వాసం. దీపాలూ, సీసాలూ, కోరికలూ కథకులు పెంచినవి. రెంటినీ కలిపేసి ఎగతాళి చెయ్యకూడదని పిల్లలకి చెప్పడం మన బాధ్యత.

అదే కథల్లో జాలరి కథ ఇంకోటుంది. జాలరి వలలో మూత బిగించిన పాత్ర పడుతుంది. మూత తీస్తే భూతం. "నిన్ను చంపుతాను, ఎలా చావాలో కోరుకో" అంటుంది. విడిపించినవాణ్ణి చంపడమేమిటని అడిగితే, తన సంగతి చెబుతుంది. మొదటి నూరేళ్లూ, విడిపించినవాడికి ఐశ్వర్యమిద్దామనుకుంది. రెండో నూరేళ్లూ, భూమిలో నిధులన్నీ చూపిద్దామనుకుంది. మూడో నూరేళ్లూ, మూడు కోరికలు తీరుద్దామనుకుంది. ఎవరూ రాలేదు. ఇహ కోపమొచ్చి, ఇప్పుడొచ్చినవాణ్ణి చంపేస్తానని ఒట్టు పెట్టుకుంది. జాలరి ఏడుస్తూ కూర్చోలేదు. "ఇంత శరీరం అంత చిన్న పాత్రలో పట్టిందంటే నేను నమ్మను" అన్నాడు. నమ్మిద్దామని భూతం లోపలికి దూరింది. మూత పడింది.

పిల్లలు ఈ కథలో జాలరి తెలివిని చూసి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం భూతాన్ని చూస్తే జాలేస్తుంది. మంచితనం కూడా మూత కింద ఎక్కువకాలం ఉంటే పగయిపోతుందన్నమాట. మన ఇళ్లల్లో పదహారేళ్ల పిల్లలు తలుపు బిగించుకుని కూర్చుంటారు చూడండి, వాళ్లు మొదటి నూరేళ్లలో ఉన్నారో మూడో నూరేళ్లలో ఉన్నారో కనిపెట్టి మూత తియ్యవలసింది మనమే.

ఇదంతా పరదేశపు సరుకు, మనకెందుకంటారా? అలా అనుకోవడానికి వీల్లేదు. భూతాలు, పిశాచాల కథల్లో మనం ఎవరికీ తీసిపోము. గుణాఢ్యుడి 'బృహత్కథ' పైశాచీ భాషలోనే పుట్టిందంటారు. అందులోంచి పెరిగిన కథల్ని పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు 'కథాసరిత్సాగరం'గా సంస్కృతంలో చెప్పాడు. భేతాళుడి కథలు అందులోవే. జీనీకీ మన భేతాళుడికీ ఒక తేడా చూడండి. జీనీ "ఏం కావాలి?" అని అడుగుతుంది. భేతాళుడు "ఏది న్యాయం?" అని అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. విక్రమార్కుడు పట్టు వదలడు. పిల్లల ఆశని పరీక్షించేది ఒకరు, బుద్ధిని పరీక్షించేది ఇంకొకరు. ఇద్దరూ అవసరమే.

1947 జూలైలో మొదలైన 'చందమామ' ఈ భేతాళుణ్ణి ఇంటింటికీ తెచ్చింది. పాత కథలు అయిపోయినా ఆపకుండా, అదే చట్రంలో కొత్త కథలు దశాబ్దాలపాటు వేసింది. మాంత్రికులతో, రాక్షసులతో సాహస సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు అప్పట్లో పాఠకులకి తెలియదు, కథల మీద పేరుండేది కాదు. 1954లో వచ్చిన 'తోకచుక్క' మొదలు ఆయనవి పన్నెండు సీరియల్స్ అందులో వచ్చాయి. ఆ పత్రిక ఆగిపోయినా, ఆయన సీరియల్స్ పుస్తకాలుగా దొరుకుతున్నాయి. ఇంగ్లీషు నవలకి అలవాటుపడ్డ పిల్లలకి వీటిని పక్కనే పెట్టి చూడండి. పేజీలు తిప్పించే గుణంలో దేనికీ తీసిపోవు.

ఇందులో మన ఉత్తరాంధ్రవాళ్ల చెయ్యి ఎంత ఉందో చెబితే ఆశ్చర్యపోతారు. చందమామ ముఖచిత్రాలకి రంగులద్దిన వడ్డాది పాపయ్యగారు, అదే 'వపా', 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. యక్షిణి అంటే ఇలా ఉంటుంది, గంధర్వకన్య అంటే ఇలా ఉంటుందని మన కళ్లకి నేర్పింది ఆయన కుంచే. ఇహ 'పాతాళభైరవి' సినిమా. 1951లో విజయావారు తీశారు. కథా మాటలూ రాసిన పింగళి నాగేంద్రరావుగారు పుట్టింది మన రాజాంలో, 1901లో. ఎస్వీ రంగారావుగారి నోట "డింభకా" అనే పిలుపు వినని తెలుగిల్లు ఉందా?

ఆ సినిమా అల్లావుద్దీన్ కథకి దగ్గర చుట్టం. అక్కడ మాంత్రికుడు, ఇక్కడా మాంత్రికుడు. అక్కడ దీపం, ఇక్కడ ప్రతిమ. ఇద్దరు మాంత్రికులకీ కావలసింది పేదింటి కుర్రాడే. అల్లావుద్దీన్ దగ్గరికి వచ్చినవాడు "నేను మీ నాన్న తమ్ముణ్ణిరా" అని కావలించుకుని ఏడ్చాడు, కొత్త బట్టలు కొన్నాడు, దుకాణం పెట్టిస్తానన్నాడు. ఆఖరికి గుహలో వదిలి రాయి మూసేశాడు. ఇక్కడ తోటరాముణ్ణి పొగిడి తీసుకెళ్లింది బలి ఇవ్వడానికి. రాముడు కనిపెట్టాడు గనక బతికాడు. కనిపెట్టి ప్రతిమ సంపాదించినా, అది చెయ్యి మారిన క్షణాన మేడా పోయింది, పెళ్లికూతురూ పోయింది. ఊరికే వచ్చింది ఊరికే పోయింది. తిరిగి తెచ్చుకున్నది మాత్రం సొంత తెలివితో, స్నేహితుడి సాయంతో.

సోదరీమణులారా, ఇవాళ ఆ మాంత్రికుడు ఊరి చివర కనిపించడు. సెల్ ఫోనులోంచి వస్తాడు. "నేను నీ శ్రేయోభిలాషిని" అంటాడు, ఫోటో అడుగుతాడు, ఉద్యోగమంటాడు, ప్రేమంటాడు. మనం ఎంత ఉపన్యాసం చెప్పినా వినని పిల్ల, అల్లావుద్దీన్ చిన్నాన్న కథ గుర్తుచేస్తే ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణం చాలు.

కొత్త పుస్తకాల్లో కూడా ఇలాంటి పొల్లుపోని గింజలున్నాయి. జొనాథన్ స్ట్రౌడ్ అనే ఆయన రాసిన బార్టిమియస్ నవలలు 2003 నుంచి వచ్చాయి. మా అమ్మాయి చెబితే విన్నాను. లండన్‌లో మాంత్రికులే మంత్రులు, అధికారులు. భూతాల్ని కట్టేసి వాళ్లచేత పని చేయించుకుంటారు. తమాషా ఏమిటంటే, కథలో చాలా భాగం చెప్పేది భూతమే. యజమాని కుర్రవాడు తనని ఎంత విసిగిస్తున్నాడో, తనకెంత ఒళ్లు మండుతోందో చెబుతూ ఉంటుంది. ఇంకో రచయిత పి. బి. కెర్ రాసిన నవల 2004లో వచ్చింది. అందులో కవల పిల్లలిద్దరికి జ్ఞానదంతాలు తీయించాక తాము జిన్నుల వంశమని తెలుస్తుంది. ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పులకి ఇంతకన్నా మంచి పోలిక ఏం దొరుకుతుంది?

కట్టేసిన భూతం తన కష్టం తను చెప్పుకుంటోందని మా అమ్మాయి అనగానే నేను నవ్వాపుకోలేకపోయాను. "మన ఇంట్లో జీనీ ఎవరే? అమ్మా మంచినీళ్లు అంటే వచ్చేది ఎవరు? అమ్మా సాక్సెక్కడ అంటే ప్రత్యక్షమయ్యేది ఎవరు? దీపం తోమే పని కూడా లేదు, దీపం తోమేదీ నేనే!" అన్నాను. అది ముందు నవ్వింది. తరవాత కాసేపు ఆలోచించింది. ఆ వారం దాని కంచం అదే కడుక్కుంది. వారమే అనుకోండి! అయినా ఒక పుస్తకం చేసిన పని నేను పదేళ్లుగా సణిగినా చెయ్యలేదు.

ఇంతవరకూ మంచే చెప్పాను. ఇప్పుడు రెండో వైపు.

సీసాలో భూతాన్ని బిగించడం మన విజయనగరానికి కొత్త కాదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' 1892లో ఇక్కడే మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయన దాన్ని పెంచి తిరగరాశారు. అందులో పూజారి గవరయ్య గుర్తున్నాడా? లుబ్ధావధాన్లుగారింట్లో దెయ్యం పట్టిందని పిలిపిస్తే, మంత్రాలు జపించి దెయ్యాన్ని సీసాలోకి దించానంటాడు, బిరడా బిగిస్తాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన పెళ్లికూతురు ఆడవేషం వేసుకున్న మగపిల్లాడని చూసేవాళ్లకి ముందే తెలుసు. అంచేత గవరయ్య ఎంత కళ్లు ఉరిమితే మనకంత నవ్వొస్తుంది. భయపడేవాడి దగ్గర డబ్బు లాగేవాడు ఎలా ఉంటాడో గురజాడ నూరేళ్ల కిందటే చూపించారు. ఖాళీ సీసా ఖాళీ సీసాయేనని చెప్పడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం మన ప్రాంతంలో ఇంకా అందరికీ రాలేదు. 'చిల్లంగి' అనే మాట మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో, ఏజెన్సీ గూడేల్లో, ఎవరికైనా జబ్బు చేస్తే ఫలానావాళ్లు చిల్లంగి పెట్టారని అనుమానిస్తారు. ఆ ఫలానావాళ్లు సాధారణంగా ఎవరు? ఒంటరి ముసలమ్మ. దిక్కులేని వితంతువు. భూమి తగువున్న దాయాది. ఊరినుంచి వెలివేసిన సందర్భాలు, కొట్టిన సందర్భాలు, ప్రాణాలు తీసిన సందర్భాలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మన సరిహద్దునే ఉన్న ఒడిశాలో ఈ ఘోరాన్ని ఆపడానికి 2013లో ప్రత్యేకంగా చట్టమే చెయ్యవలసివచ్చింది.

పల్లెల మాటెందుకు, పట్నంలో నా కళ్లెదుట జరిగింది చెబుతాను. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురికి పధ్నాలుగేళ్లు. ఒకనాడు కుళాయి దగ్గర పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. ఆమె ఏడుస్తూ వచ్చి, "అమ్మా, మా గుంటకి గాలి సోకీసిందమ్మా. ఈది సివర ముసిల్ది ఏటో సేసీసిందని అందరూ అంతన్నారు. రేపు మంత్రగాడికాడికి తీసుకెళ్తాం" అంది.

నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి లేచింది. నిద్ర మానుకుని దెయ్యాల నవలలు చదివే పిల్ల. "పిన్నీ, పుస్తకాల్లో దెయ్యాలు నేను బోల్డు చూశాను. ఒక్క దెయ్యమూ ఇలా చెయ్యదు. ఇది మూర్ఛ. మంత్రగాడు కాదు, డాక్టరు కావాలి. పద, ఆస్పత్రికి పోదాం" అంది. ముగ్గురం పిల్లని తీసుకుని పెద్దాస్పత్రికి వెళ్లాం. అది చెప్పిన మాటే డాక్టరూ చెప్పారు. మెదడులో కలిగే ఒక లోపం వల్ల వచ్చే జబ్బనీ, రోజూ మాత్రలు మానకుండా వాడాలనీ చెప్పారు. సరైన వైద్యం అందితే మూర్ఛ రోగుల్లో నూటికి డెబ్భైమంది దాకా ఫిట్లు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది.

అయితే ఈలోగా ఆ వీధిచివర ముసలమ్మ సంగతేమిటి? రెండు నెలలపాటు ఆవిడ బిందె కుళాయి దగ్గర పెట్టనివ్వలేదు. ఎదురొస్తే పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. ఆవిడ చేసిన నేరం ముసలితనం, ఒంటరితనం. పిల్లకి నయమయ్యాక మా పనామె కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లి ఆవిడకి దండం పెట్టించింది. మిగతావాళ్లు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని అడిగితే, "మేవేటన్నాం?" అన్నారు.

అందుకే నేననేది, కథలో భూతానికి భయపడనక్కర్లేదు. ఆ భూతానికి బతికున్న మనిషి పేరు పెట్టినప్పుడే భయపడాలి.

మా అమ్మగారి తరంలో యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే, చేతబడికి గురైన చిన్నపిల్ల ఏమవుతుందోనని ఇల్లాళ్లు వారం వారం ఎదురుచూసేవారట. ఆ నవల మూఢనమ్మకాల్ని పెంచుతోందని రంగనాయకమ్మగారు గట్టిగా విమర్శిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మా అమ్మ ఇటు సీరియల్ విడవలేదు, అటు విమర్శా విడవలేదు, రెండూ చదివింది. ఆ పెద్దవాళ్ల వాదన నేను తీర్చలేను గాని, దాంట్లోంచి నేనొక కొలబద్ద పట్టుకున్నాను. పుస్తకం మూశాక పిల్ల మొహం చూస్తాను. కళ్లల్లో మెరుపుంటే సరే. నిద్రపట్టక లైటు వేసుకుని పడుకున్నా ఫరవాలేదు, రెండు రోజుల్లో పోతుంది. కాని వీధిలో ఏ ముసలమ్మనో, ఏ పిచ్చివాణ్ణో చూసి అనుమానంగా తప్పుకుంటుంటే మాత్రం, ఆ పుస్తకం గురించి ఆ రాత్రే కూర్చుని మాట్లాడవలసిందే.

మరి మనం చెయ్యవలసిందేమిటి? మొదటిది, పుస్తకం లాక్కోకూడదు. లాక్కుంటే దుప్పటి కింద చదువుతారు, లేదా ఫోనులో అంతకన్నా నాసిరకం చూస్తారు. పరీక్షల రోజుల్లో వేళ పెట్టండి, ఆదివారం మధ్యాహ్నం మీ భూతానిది అనండి.

రెండోది, కథ చెప్పించుకోండి. పప్పు ఏరుతూనో, చిక్కుడుకాయలు వలుస్తూనో వినొచ్చు. విన్నాక రెండే రెండు ప్రశ్నలడగండి. ఈ కథలో కోరిక ఎవరిది? దాని ఖరీదు ఎవరు కట్టారు? ఈ రెండు ప్రశ్నలకి నిలబడని కథని పిల్లలే పక్కన పెట్టేస్తారు.

మూడోది, మన కథలు వాళ్లకి అందించండి. జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం కట్టించండి. అమ్మమ్మలున్న ఇళ్లల్లో పుస్తకమూ అక్కర్లేదు. కొరివిదెయ్యం కథ చెప్పాక, దాన్ని ఎవరు ఎలా హడలగొట్టారో కూడా చెప్పమనండి. గవరయ్య సీసా కథ నవ్వుతూ చెప్పండి. భయాన్ని నవ్వుతో విరగగొట్టడం గురజాడవారు మన ఊరికి ఇచ్చిపోయిన ఆస్తి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆడపిల్ల ఉన్నట్టుండి మౌనంగా మారినా, ఊగిపోయినా, పడిపోయినా, తిండి మానేసినా, "గాలి" అనే మాట మన నోటివెంట రాకూడదు. ముందు డాక్టరు. ఒంటి జబ్బయినా మనసు జబ్బయినా డాక్టరే. దేవుడికి దణ్ణం పెట్టుకోవద్దని నేననను. దణ్ణం పెట్టుకుని రిక్షా ఎక్కండి. ఆ పూట ఇంట్లో ఎవరైనా పొరుగింటావిడ పేరెత్తితే, అక్కడే ఆపెయ్యండి. మగవాళ్లు ఎత్తినా ఆపండి, అత్తగారు ఎత్తినా మర్యాదగానే ఆపండి. ఆ పేరు గుమ్మం దాటితే ఇంకో ఇంట్లో కథ అవుతుంది, మూడో ఇంట్లో నిజమవుతుంది, నాలుగో ఇంట్లో కర్ర అవుతుంది.

మనకి చందమామ ఉండేది, వపా బొమ్మలుండేవి, రేడియోలో పిల్లల నాటికలుండేవి. వాటిల్లో దెయ్యాలు లేకపోలేదు. అవన్నీ చదివీ, వినీ మనం పాడైపోలేదు కదా! మన పిల్లలూ పాడైపోరు. పుస్తకంలో భూతాన్ని చూసినవాళ్లు బయట మనిషిని మనిషిగా చూడ్డం నేర్చుకుంటే అంతకన్నా ఏం కావాలి?

ఈ సాయంత్రం మీ పిల్లలు బడి నుంచో కాలేజీ నుంచో రాగానే టిఫిను పెట్టి, "ఏదీ, ఆ పొగబొమ్మ పుస్తకంలో ఏముందో చెప్పు" అని అడిగి చూడండి.

సెలవు.